ఎర్రల్లం గారికి మినరల్ వాటర్

కనిగిరిలో మా ఇంటికి కొత్త చుట్టం దిగింది. పేరు రెడ్ జింజర్. మా బావమరిది కడియం నర్సరీ నుంచి కార్లో ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తెచ్చాడు. వాళ్లావిడ వెనక సీట్లో సర్దుకుంది.

చుట్టానిది పసిఫిక్ దీవుల వైపు. సమోవాలో జాతీయ పుష్పం హోదా. తడి నేల, నీడ, ఎప్పుడూ వాన కావాలి. రోహిణి కార్తెకు రోళ్లు పగిలే ఊరికి ఎందుకొచ్చిందో అడగడం మర్యాద కాదు.

పక్కింటి పిన్ని వచ్చి చూసింది. "ఏందబ్బాయా, అల్లమంటిరి, పచ్చట్లోకి పనికొచ్చిద్దా?" ఇంటిపేరు అల్లమే గానీ వంటింటి గడప తొక్కే రకం కాదని చెప్పాను. పైగా ఎర్రగా నిలబడింది పువ్వు కూడా కాదు, రంగేసుకున్న ఆకులు. అసలు పువ్వు వాటి సందుల్లోంచి తెల్లగా, చిన్నగా తొంగి చూస్తుంది. ఫ్లెక్సీ చూసి, దాని వెనక రోడ్డు ఎక్కడుందా అని వెతుక్కునే వాళ్లం, ఆ సంగతి పిన్నికి ఇట్టే అర్థమైంది.

చిక్కు నీళ్ల దగ్గరొచ్చింది. మా బోరు నీళ్లు పోస్తే వారానికే ఆకుల అంచులు మాడాయి. ఇల్లంతా కంగారు. బావమరిది రోజూ ఫోన్లు. ఆ సాయంత్రం నుంచే దానికి మినరల్ వాటర్ క్యాను.

ఇదే నీళ్లు మా తాతలు తాగారు. పళ్లకు గార పట్టింది, మోకాళ్లు వంగాయి. మా కనిగిరి తాలూకా నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లోనే, 1937లో, తెల్లదొరల కాలపు డాక్టర్లు ఆ జిల్లాలో ఫ్లోరైడ్ జబ్బుందని పత్రికలో రాశారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దన్న లెక్కా తర్వాత వచ్చింది. 1970లో జిల్లా మారింది, బోరు మారలేదు. తప్పు మాదే. మొక్కలాగా వారంలో అంచులు మాడ్చుకుని చూపించడం చేతకాలేదు. పళ్లు కనపడకుండా నోరు మూసుకుని నవ్వడం నేర్చుకున్నాం.

ఎర్రల్లం ఇప్పుడు కులాసా. ఆ ఎర్ర ఆకుల సందుల్లోనే పిలకలు పుట్టాయి, కంకి నేలకు వంగితే అవే వేళ్లూనుకుంటాయి. వీధిలో నలుగురు పిలక అడిగారు. ఊరికే ఇస్తామా? సంబంధం కలుపుకునేప్పుడు విచారించినట్టే విచారిస్తున్నాం: మీ ఇంట్లో రోజుకు ఎన్ని క్యాన్లు దించుతారండీ?