ముందు బూటు, వెనుక మనిషి

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగిన నాటి నుంచి గుంటూరు జిల్లాకు సముద్రం లేదు. పాత జిల్లాకు ఉన్న తీరమంతా బాపట్ల వాటాకు వెళ్లిపోయింది. అయినా గుంటూరు వారికి సముద్రమంటే నేటికీ సూర్యలంకే. అందుచేత డిసెంబరులో అక్కడ సముద్రపు ఒడ్డును, పొలం గట్లను కలిపి ఎనిమిది కిలోమీటర్ల పరుగు పోటీ పెడుతున్నారని తెలియగానే, బృందావన్ గార్డెన్స్‌లోని ఎన్టీఆర్ స్టేడియంలో తెల్లవారుజామున పరుగెత్తే మా క్లబ్బు వారు, పంపకాల్లో పోయిన పొలాన్ని ఒకసారి చూసి వద్దామన్నట్లుగా బయలుదేరారు.

మా జట్టులో నలుగురం. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పదవీ విరమణ చేసిన పెద్దాయన మాకు కెప్టెన్. ఆయనను అందరం సారు అంటాము. రెండవవారు మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారి. మూడవవారు బ్యాంకులో పనిచేసే మేడం. మా జట్టుకు వేగమంటూ ఏదైనా ఉంటే అది ఆవిడదే. నాలుగవవాడిని నేను. నలుగురిలో ఆఖరివారు గీత దాటిన సమయమే జట్టు సమయమన్నది నియమం. ఆ సమయాన్ని లెక్కించడానికి ఒక్కొక్కరికి ఒక చిన్న చిప్పు ఇచ్చి, బూటు లేసుకు కట్టుకోమన్నారు. గమ్యం దగ్గర పరిచిన చాప మీదుగా చిప్పు వెళ్లగానే యంత్రం దానిని గుర్తుపట్టి, పేరు, సమయం నమోదు చేస్తుంది. దానిని మోసుకొచ్చిన కాలు ఎవరిదన్నది యంత్రానికి అక్కరలేని విషయం.

పోటీ నిజానికి వారం ముందే జరగవలసింది. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడి ముసురు పట్టడంతో నిర్వాహకులు దానిని తరువాతి ఆదివారానికి వాయిదా వేశారు గాని, ఉదయం ఆరున్నర అన్న సమయాన్ని మాత్రం మార్చలేదు. సముద్రాన్ని ఎవరూ సంప్రదించినట్లు లేదు. రోజుకు రెండుసార్లు వచ్చే పోటు ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ వస్తుంది. ఏడు రోజులకు ఆ ఆలస్యం దాదాపు ఆరు గంటలవుతుంది. అంటే పోయిన ఆదివారం నీళ్లు బాగా వెనక్కి తగ్గి ఉండే వేళకు ఈ ఆదివారం పోటు నిండుగా ఉంటుందన్నమాట. ఈ లెక్కను సారు బయలుదేరే గీత దగ్గర, ఈల వేయడానికి రెండు నిమిషాల ముందు, ఇసుక మీద వేలితో రాసి నిరూపించారు. నిరూపణ ముగిసేలోపే ఒక అల వచ్చి లెక్కను తుడిచివేసి, వ్యాపారి గారి మేజోళ్లను తడిపి వెళ్లింది.

పరుగెత్తడానికి పనికివచ్చే గట్టి తడి ఇసుకంతా నీటి అడుగున ఉండిపోవడం వలన మేము పైనున్న పొడి ఇసుకలో పడ్డాము. గట్టి నేల మీద కంటే ఇసుకలో పరుగెత్తడానికి సుమారు 1.6 రెట్లు శక్తి ఖర్చవుతుందని శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పారు. కొలవని వారికి కూడా ఆ సంగతి మొదటి మూడు వందల మీటర్లలోనే తెలిసిపోతుంది. "ఇది మామూలు వడ్డీ కాదు సార్, చక్రవడ్డీ" అని మేడం మాట్లాడగలిగారు. మిగిలిన ముగ్గురికీ ఆ ఓపిక లేదు.

సరుగుడు తోటలో రాలిన ఆకు మెత్తగా ఉండి కాళ్లకు కాస్త సుఖమనిపించింది గాని, అది ఎంతోసేపు లేదు. ఆ ప్రాంతంలో సముద్రం పూర్వకాలంలో విడిచిపోయిన తీరాలు ఇసుక దిబ్బలుగా వరుసలు కట్టి ఉంటాయి. వాటి మధ్య పల్లంలో ఉండేది నల్లని జిగట మట్టి, అందులో వరి. దిబ్బ దిగగానే పొలాలు మొదలయ్యాయి. ముసురుకు తడిసిన పనలు ఇంకా చేలో పడి ఉన్నాయి. ఒక రైతు చెయ్యెత్తి, "అయ్యా, చేలో దిగమాకండి, మినుములు మొలిచినయ్! గట్టు మీదే పోండి" అని కేకవేశాడు. కోతకు ముందే వరిలో మినుములు చల్లడం డెల్టాలో ఆనవాయితీ కాబట్టి ఆయన మాట న్యాయమైనదే. కాని మాకంటే ముందు వెళ్లిన జట్లు ఆ గట్టును అప్పటికే తొక్కి తొక్కి మినపపిండి చేసిపెట్టాయి. పైగా నిలిచిన నీరు బోదెలోకి పోవడానికి రైతు ఒకచోట గట్టుకు గండి కొట్టాడు.

గండిని మేడం దాటారు, సారు దాటారు, నేనూ ఎలాగో దాటాను. వ్యాపారి గారు దాటారు గాని, ఆయన కుడి బూటు దాటలేదు. కుమారుడు హైదరాబాదు నుంచి పంపిన కొత్త ట్రైల్ బూట్లవి. మట్టిలో పట్టు కోసం వాటి అడుగున గుబ్బలుంటాయి. పట్టు విషయంలో ఆ బూటును తప్పుపట్టడానికి లేదు. అది పట్టుకున్నచోటే ఉండిపోయింది. చిప్పు దాని లేసుకే ఉంది.

ఒంటికాలి మీద ఊగుతున్న ఆయన భుజం పట్టుకుని సారు కారణం వివరించసాగారు. బురదలోంచి కాలును నిట్టనిలువుగా లాగితే అడుగున గాలి చొరబడక మట్టి పీల్చి పట్టుకుంటుందట. అందుకని మడమను మెల్లగా అటూ ఇటూ తిప్పి, గాలికి సందు ఇచ్చి, ఏటవాలుగా తీయాలట. "కాలు బయటికే వచ్చింది కదా సార్, ఇంకేం తిప్పను?" అని వ్యాపారి గారు అడిగారు. ముగ్గురం మోచేతుల వరకు దింపి వెతికాము. దొరికినవి రెండు నత్తగుల్లలు, ఎవరిదో ఒక పాత చెప్పు. ఈలోగా మమ్మల్ని దాటిపోయిన ప్రతి జట్టూ ఆ గండిని మరికొంత కలిపిపోయింది.

రైతు వచ్చి గట్టు మీద చతికిలబడ్డాడు. వట్టికాళ్లకు మోకాళ్ల దాకా మట్టి ఉన్నా ఆయన ఎక్కడా జారలేదు.

"ఏ ఊరండీ మీది?"

"గుంటూరు. మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం."

"అట్నా! నిరుడు మా బావమరిది టిక్కీలు ఏసుకొని మీ యార్డుకే వచ్చాడు. కాయలో తేమ ఉందని ధర కోశారంట."

వ్యాపారి గారు అంతవరకు లేని శ్రద్ధతో బురదలోకి చూడసాగారు.

ఇక లాభం లేదని సారు ముందుకు సాగమన్నారు. వ్యాపారి గారు రెండో బూటు కూడా విప్పి చంకన పెట్టుకుని, మేజోళ్లతో నడక సాగించారు. ఆయనను వదిలి ముందుకు పోతే జట్టు సమయం రాదు. వదలకుండా పోయినా చిప్పు లేదు కాబట్టి ఎలాగూ రాదు. ఈ విషయం తెలిసి కూడా నలుగురం మిగిలిన మూడు కిలోమీటర్లు కలిసే నడిచాము.

గమ్యం చేరేసరికి మైకులో ఒక పేరు మోగుతోంది. యాభై ఏళ్లు పైబడిన పురుషుల విభాగంలో ప్రథమ విజేత ఎక్కడున్నా వేదిక వద్దకు రావాలట. ఆ పేరు మా వ్యాపారి గారిది. జరిగింది ఏమిటంటే, మేము వెళ్లిన కాసేపటికి రైతు చెయ్యి పెట్టి బూటు బయటికి తీసి, మనవడికిచ్చి మోపెడ్ మీద పంపాడు. ఆ కుర్రవాడు ఎవరికివ్వాలో తెలియక, దానిని పట్టుకుని మైకు దగ్గరకు వెళ్లాలని తిన్నగా చాప మీదుగా నడిచాడు. యంత్రం తన పని తాను చేసింది.

సారు న్యాయం తప్పని మనిషి. ఆ బహుమతి రెండవ స్థానంలో వచ్చిన వారికి ఇవ్వాలని నిర్వాహకులతో చెప్పి, జరిగింది వివరించారు. "యంత్రం తప్పు చెప్పదండీ" అని వారు మొదట ఒప్పుకోలేదు. వ్యాపారి గారు మధ్యేమార్గంగా, బూటు వచ్చిన సమయమూ తాను వచ్చిన సమయమూ కలిపి సగటు వేయమని ప్రతిపాదించారు. సారు ఆయన వైపు చూసిన చూపుతో ఆ ప్రతిపాదన వీగిపోయింది. బహుమతి అసలు హక్కుదారుకు వెళ్లింది. చిప్పుకంటే వెనుక మనిషి వచ్చిన జట్టును ఏ స్థానంలో వేయాలో తేలక నిర్వాహకులు మమ్మల్ని జాబితాలోంచే తీసివేశారు.

వ్యాపారి గారు కుర్రవాడిని పిలిచి బూటు అందుకుని, పెట్రోలు ఖర్చులకని వంద రూపాయలు తీసి ఇవ్వబోయారు. బూటులోంచి నల్లని నీరు ఇంకా ధారగా కారుతోంది. కుర్రవాడు నోటు పుచ్చుకోకుండా వినయంగా అన్నాడు:

"తేమకు ఎంత కోసుకుంటారో ముందు అడిగి, ఆ తర్వాతే తీసుకోమన్నాడండీ మా తాత."