హెచ్-ఇండెక్స్ గారికి, పంతొమ్మిది దగ్గర ఇరుక్కున్న కెమిస్టు వ్రాయునది

మహారాజశ్రీ హెచ్-ఇండెక్స్ గారి సముఖమునకు. ఉభయకుశలోపరి. ఒక శాస్త్రవేత్త పేపర్లలో ఎన్నింటిని కనీసం అన్నేసిసార్లు వేరే పేపర్లలో ఉదహరించారో (అదే, సైట్ చేశారో) ఆ అంకే కదా తమరు. మీ క్షేమానికి వచ్చిన లోటేమీ లేదని తెలుసు, మీరు పెరగడమే గానీ తగ్గడం ఎరగరు కదా. మనిషి రిటైరై మనవల్ని ఆడించుకుంటున్నా మీరు పెరుగుతూనే ఉంటారు. ఇక నా సంగతి.

మొన్న ప్రమోషన్ ఇంటర్వ్యూకి రెండింటికి రమ్మన్నారు, ఐదున్నరకి పిలిచారు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పన్నెండేళ్ల పనంతా మనసులో వల్లె వేసుకుని లోపలికెళ్తే, ప్యానెల్లో పెద్దాయన కాగితం మీంచి తలెత్తకుండా "హెచ్ ఎంత?" అన్నారు. "పంతొమ్మిది సార్." "ఇరవై ఉంటే బాగుండేది." అంతే, అయిపోయింది. టీ కూడా ఇవ్వలేదు.

నా పేపర్లలో పంతొమ్మిది ఎప్పుడో ఇరవయ్యేసి సైటేషన్లు దాటేశాయి. ఇరవయ్యోది ఒక్కటే పంతొమ్మిది దగ్గర కూర్చుంది, లేవదు. ఒక్కటంటే ఒక్క సైటేషన్!

అది ఏ పేపరో కూడా వినండి. ఘనపదార్థం మీద పెల్లేడియం అనే లోహం ఎక్కించి, సుజుకీ రియాక్షన్‌కి (రెండు కార్బన్ ముక్కల్ని అతికించేది) పదిసార్లు వాడుకోవచ్చని అందరూ రాసేస్తున్న రోజుల్లో, మేం రియాక్షన్ సగంలో ఉండగా వేడివేడిగానే వడకట్టి చూశాం. క్యాటలిస్టు, అంటే రియాక్షన్‌ని నడిపించాల్సిన ఆ పొడి, ఫిల్టరు మీదే ఉండిపోయింది. కింద ద్రావణంలో రియాక్షన్ మాత్రం దాని మానాన అది నడుస్తోంది. అంటే పని చేస్తున్నది మేం గొప్పగా తయారుచేసిన పొడి కాదు, దాన్నుంచి కారిపోయిన లోహం. నాలుగేళ్లు తలకిందులై అదే రాశాం. ఉన్నదున్నట్టు రాస్తే ఎవడు సైట్ చేస్తాడండీ? "పదిసార్లు వాడాం, చెక్కుచెదరలేదు" అని రాసినవాళ్లకి మూడేళ్లలో వంద దాటాయి.

2003లో అసలు లోహమే లేకుండా సుజుకీ రియాక్షన్ జరిగిందని ఒక పేపరు వచ్చింది. 2005లో ఆ బృందమే మళ్లీ వెతికి, తాము వాడిన సోడియం కార్బొనేట్‌లోనే 100 కోట్ల పాళ్లలో 50 పాళ్ల దాకా పెల్లేడియం ఉందని ఒప్పుకుంది. అలా ఒప్పుకున్నందుకు దండం పెట్టాలి. మీకు మాత్రం తప్పుకీ దిద్దుబాటుకీ ఒకటే మార్కు. మెచ్చుకుంటూ సైట్ చేసినా ఒకటే, ఉతికి ఆరేస్తూ చేసినా ఒకటే.

జర్నళ్లకి మార్కులేసే మీ పెద్దన్న ఇంపాక్ట్ ఫ్యాక్టర్ గారి సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం. "ఈ ఐదు పేపర్లు కూడా చేర్చండి" అనే రివ్యూయరు (అచ్చుకి ముందు పేపరు పరిశీలించేవాడు) సంగతీ (ఆ ఐదూ ఎవరివో మీకు చెప్పక్కర్లేదు). ఇంటిపేరు ఒక్క అక్షరమై కూర్చునే మన శ్రీనివాసులందరినీ ఒకే ప్రొఫైల్లో కుక్కి, ఎవరో డెంటిస్టు పేపర్లు నాకు అంటగట్టిన సంగతి కూడా. అవి నేనే తీసేశాను. తీసేసినందుకు ఇవాళ్టికీ ఏడుస్తున్నాను.

2005లో మిమ్మల్ని కన్న హిర్ష్ గారే 2020కల్లా మీవల్ల చెడు కూడా జరుగుతోందని రాశారు. కన్నతండ్రి మాటే చెవిన పడనప్పుడు నా మాట ఏం వింటావులే. అవును, "నువ్వు" అనే అంటున్నా. అమ్మోనియా తయారీకి క్యాటలిస్టు వెతుకుతూ జర్మన్ కెమిస్టు మిట్టాష్ మనుషులు వేలకొద్దీ పదార్థాలు పరీక్షించారు. దాదాపు అన్నీ పనికిరానివే! ఆ పనికిరానివాటిని పక్కన పెట్టుకుంటూ పోతేనే కదా పనికొచ్చే ఇనుము దొరికింది? ఆ ఇనుము లేకపోతే యూరియా ఎక్కడిది, నిన్ను లెక్కపెట్టేవాళ్ల కంచంలో అన్నం ఎక్కడిది? ఫలానాది పని చెయ్యదు అని తేల్చిన మనిషికి నీ దగ్గర ఒక్క గడి లేదు. సిగ్గనిపించదా నీకు?

ఇంత రాశాక నిన్న రాత్రి పదకొండున్నరకి, అలవాటు కొద్దీ, ఫోన్ చూశాను.

ఇరవై.

గుండె దడదడలాడింది. ఎవరా పుణ్యాత్ముడని వెతికితే, రిఫరెన్సులు 12 నుంచి 47 దాకా ఒకే కట్టలో మాదీ ఉంది. దానికి ముందున్న వాక్యం: "పెల్లేడియం క్యాటలిస్టులను ఎన్నిసార్లయినా తిరిగి వాడుకోవచ్చని ఇదివరకే నిరూపించారు."

మేం రాసింది దీనికి సరిగ్గా ఉల్టా. ఒళ్లు మండి, ఆ జర్నల్ ఎడిటరుకి మెయిల్ రాయడం మొదలుపెట్టాను. సగంలో ఆగాను. పంపితే ఆ రిఫరెన్సు తీసేస్తారేమో. మెయిల్ చెరిపేసి, స్క్రీన్‌షాట్ తీసి మా ఆవిడకి పంపాను. ఆవిడ పక్క గదిలో నిద్రపోతోంది.

ఇట్లు,
తమ విధేయుడు (20)