విశ్వాసం, గంటకింత

కుక్కను పెంచుకోవడంలో అసలు చిక్కు కుక్కతో కాదు, దాని ఆయుర్దాయంతో. మామూలుగా పది నుంచి పదమూడేళ్లు బతుకుతుంది. ఇప్పటి మనిషి ఫోన్ రెండేళ్లకోసారి మారుస్తాడు, ఉద్యోగం మీద అంతకన్నా ముందే మొహం మొత్తుతుంది. అలాంటివాణ్ణి పట్టుకుని, ఓ పుష్కరకాలం పాటు వానొచ్చినా జ్వరమొచ్చినా పొద్దున్నే లేచి ఈ జీవిని బయట తిప్పుకురా అంటే ఎలా? కాబట్టి కుక్కల్ని అద్దెకు తెచ్చుకోవడమనే మహత్తర ఆలోచనను సమాజం సావధానంగా పరిశీలించాలని మనవి.

ముందు లాభాలు. కుక్కలో మనకు కావలసిన భాగం చాలా చిన్నది. తలుపు తీయగానే ఎగిరి మీదపడటం, పార్కులో బంతి తెచ్చివ్వడం, ఫోటోకి తల పక్కకి వంచడం. మిగతాదంతా మెయింటెనెన్స్. పెంచుకునేవాళ్లకి తెలుసు, అర్ధరాత్రి వాంతి చేసుకునే ముందు కుక్క పొట్టలోంచి గుళుక్ గుళుక్‌మని ఒక చప్పుడొస్తుంది. ఏ అలారానికీ లేవనివాడు ఆ చప్పుడుకి దిగ్గున లేచి, చీకట్లో దాన్ని తివాచీ మీంచి గచ్చు మీదికి లాగుతాడు. అది పట్టు విడిపించుకుని, ఇంత గచ్చు ఉండగా వెతుక్కుంటూ మళ్లీ తివాచీ మీదికే వచ్చి పని కానిస్తుంది. అద్దె కుక్కకీ వాంతులు తప్పవు. కాకపోతే ఆ వేళకి అది కంపెనీవారి తివాచీ మీద ఉంటుంది. నాగరికత అంటే ఇదే కదా.

ఇదేం గాల్లో మేడ కాదు. 2007లో అమెరికాలో ఫ్లెక్స్‌పెట్జ్ అని ఒక కంపెనీ దీన్నే వ్యాపారంగా మొదలుపెట్టింది. సభ్యత్వ రుసుం కట్టాల్సి ఉండేది, ఆపైన కుక్కను తీసుకెళ్లిన ప్రతిసారీ రోజుకింత. జిమ్‌లో ట్రెడ్‌మిల్ ఎలాగో ఇదీ అలాగే, కాకపోతే ట్రెడ్‌మిల్ మొహం నాకదు. అంతా బాగుందనుకుంటుండగా మరుసటి ఏడాదే బోస్టన్ నగర పాలకులు పెంపుడు జంతువుల అద్దెలు మా ఊళ్లో కుదరవని నిషేధించారు. రోజుకో చేతిలో పడితే కుక్క బెంగపెట్టుకుంటుందట. మనుషులు బెంగపెట్టుకుంటే ఏ నగరమూ చట్టం చెయ్యదు గానీ.

అసలు సిసలు వ్యాపార ప్రతిభ చూడాలంటే మాత్రం అమెరికాలోని కుక్కల లీజులు చూడాలి. పెట్‌షాప్‌కి వెళ్తారు, ఓ కుక్కపిల్ల వేలు చప్పరిస్తుంది. ఆ స్థితిలో ఉన్న మనిషి ముందు కాగితాలు పెడితే ఆస్తి మొత్తం రాసిచ్చేస్తాడు. నెలనెలా వాయిదా కడితే చాలన్నారు కదాని సంతకం చేసి, పిల్లకి పేరు పెట్టి, ఇంటికి తెచ్చుకుంటారు. కొన్నాళ్లకి ఎందుకో ఆ కాగితాలు తిరగేస్తే తెలుస్తుంది, వాళ్లు కుక్కను కొనలేదు, లీజుకు తీసుకున్నారు. కుక్క ఓనరు ఒక ఫైనాన్స్ కంపెనీ. వాయిదాలన్నీ తీరాక మళ్లీ కొంత కడితేనే అది వీళ్లది. మధ్యలో బాకీ పడితే కారుని లాక్కుపోయినట్టు కుక్కనీ పట్టుకుపోవచ్చు. రికవరీ ఏజెంటు గుమ్మంలోకి రాగానే ఆ కుక్క తోకూపుకుంటూ ఎదురెళ్లి అతని బూట్లు వాసన చూసే దృశ్యం ఊహించండి. ఇంత చక్కటి ఏర్పాటుని 2017లో కాలిఫోర్నియా, నెవాడా రాష్ట్రాలు చట్టం చేసి మరీ ఆపేశాయి. ప్రభుత్వాలకి ప్రేమంటే పడదు.

ఇక చరిత్రలోకి వెళ్తే, సొంత కుక్కల వల్ల జరిగిన నష్టాలు ఇన్నీ అన్నీ కావు. జపాన్‌లో హచికో అనే కుక్క ఉండేది. 1925 మే నెలలో దాని యజమాని, ఒక ప్రొఫెసరు, పనికెళ్లి అక్కడే చనిపోయాడు. ఇది 1935 మార్చిలో తాను చచ్చిపోయేదాకా, దాదాపు పదేళ్లు, టోక్యోలోని షిబుయా రైల్వే స్టేషన్ దగ్గరికి వచ్చి ఆయన కోసం చూస్తూనే ఉంది. ఎంత టైము వేస్టు! అదే అద్దె కుక్కయితే సాయంత్రం ఆరింటికి డ్యూటీ దిగి మరో కస్టమర్ దగ్గరికి వెళ్లేది. లేదూ ఉంటానని మొండికేస్తే, పదేళ్ల ఓవర్‌టైమ్ బిల్లు ప్రొఫెసరుగారి ఇంటికి చేరేది. ధర్మరాజుకీ అంతే. వెంట వచ్చింది అద్దె కుక్కయి ఉంటే స్వర్గద్వారం దగ్గర ఇంద్రుడితో అంత వాదన ఎందుకు? రసీదు చూపించి వాపసు ఇచ్చేస్తే రథం ఎక్కేవాడు.

నష్టాలు కూడా చెప్పాలి కాబట్టి చెప్తున్నా. దిక్కులేని కుక్కల్ని చేరదీసి దత్తతకిచ్చే షెల్టర్లవాళ్లు ఒక లెక్క చెప్తారు. కొత్త ఇంట్లో కుక్క బెరుకు తగ్గడానికి మూడు రోజులు, పద్ధతులు అలవాటు పడటానికి మూడు వారాలు, ఇది నా ఇల్లు అనుకోవడానికి మూడు నెలలు. పూట అద్దెకు వచ్చింది మొదటి రోజు బెరుకులోనే వెళ్లిపోతుంది. మర్నాడు ఇంకో ఇంట్లో మళ్లీ మొదటి రోజు. అంటే దాని బతుకంతా మొదటి రోజే. అయినా రేటింగ్‌లో నక్షత్రాలు ఇచ్చేది మనం కదా, కుక్క కాదు.

వ్యాపారానికి పెద్ద గండం మాత్రం వేరే ఉంది. చాలా షెల్టర్లు ఓ పూట తిప్పుకురమ్మని కుక్కను ఊరికే ఇస్తాయి. కొన్నాళ్లు ఇంట్లో ఉంచుకోమనీ ఇస్తాయి, దాన్ని ఫోస్టరింగ్ అంటారు. అలా తీసుకెళ్లినవాళ్లలో కొందరు గడువయ్యాక తిరిగి ఇవ్వకుండా దత్తత కాగితాలు అడుగుతారు. వీళ్లని ఆ రంగంలో ఫోస్టర్ ఫెయిల్ అని ముద్దుగా పిలుస్తారు. ఈ జబ్బు అద్దె కస్టమర్లకి అంటుకుంటే కంపెనీ మూతే. దీనికి మూలం ఎక్కడుందో జపాన్ పరిశోధకులు 2015లో తేల్చారు. కుక్కా యజమానీ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటూ ఉంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుందట, తల్లీబిడ్డల మధ్య అనుబంధంలో పనిచేసే హార్మోనే. కనుక కంపెనీలకు నా సలహా ఒక్కటే. అద్దెకు పంపే ప్రతి కుక్కకీ నల్లకళ్లద్దాలు తప్పనిసరి చెయ్యండి. వాటికి డిపాజిట్ విడిగా తీసుకోవచ్చు.