ప్రార్థించేవాడు ఎక్కడ నిలబడ్డాడు?

"ప్రార్థనలో పెడతాం లెండి." విశ్వాసుల మధ్య ఇంతకన్నా తేలిగ్గా నోటికొచ్చే మాట ఇంకోటి లేదు. కొడుకు మళ్ళీ తాగుడు మొదలెట్టాడని ఒకావిడ ఫోన్లో ఏడుస్తుంది. స్కాన్‌లో గడ్డ కనిపించిందని ఒకాయన మెసేజ్ పెడతాడు. యుద్ధంలో ఆసుపత్రి మీద బాంబు పడిందని టీవీలో చెబుతారు. మూడింటికీ జవాబు అదే. ఆ మాట అన్నవాళ్ళలో ఎంతమంది ఆ రాత్రి నిజంగా మోకరిస్తారో దేవుడికే తెలియాలి. నేనైతే మాటిచ్చి మర్చిపోయి, వారం తర్వాత ఆ మనిషి ఎదురుపడగానే లోలోపల రెండు ముక్కలు గొణుక్కుని, "చేస్తూనే ఉన్నానండీ" అన్న రోజులున్నాయి.

ఆ మాటను ఎగతాళి చెయ్యాలని కాదు. దాని వెనక ఉన్నది చాలా పెద్ద సాహసం, దాన్ని మనం మర్యాదమాటగా దించేశాం అన్నదే నా బాధ.

ఇతరుల కోసం చేసే ప్రార్థనకు తెలుగు బైబిల్ వాడిన మాట విజ్ఞాపన. కింద నిలబడి పైవారికి మనవి చేసుకుంటున్న తీరు ఆ మాటలోనే వినిపిస్తుంది. పాశ్చాత్య సంఘాలు వాడే ఇంటర్‌సెషన్ అన్న మాటకు లాటిన్ మూలం ఉంది, ఇద్దరి మధ్యలోకి నడిచి వెళ్ళడం దాని అర్థం. ప్రాచీన రోములో సామాన్య జనం తరఫున ట్రిబ్యూన్లు అనే ప్రతినిధులు ఉండేవారు. అధికారి ఎవరైనా ఒక పౌరుడి మీద చర్య తీసుకోబోతే ట్రిబ్యూన్ మధ్యలోకి వచ్చి ఆపించగలిగేవాడు. ఆ అధికారం పేరు ఇంటర్‌సెస్సియో. ఇవాళ మనం వీటో అంటున్న దాని పూర్వరూపం అది. అంటే ఒక మాటలో వినయం ఉంది, ఇంకో మాటలో అడ్డుపడే తెగువ ఉంది. బైబిల్లో రెండూ కనిపిస్తాయి. మన ప్రార్థనల్లో మొదటిదే మిగిలింది.

రెండోది చూడాలంటే నిర్గమకాండం 32వ అధ్యాయం తెరవాలి. జనం బంగారు దూడను చేసుకుని దాని ముందు ఆడిపాడుతున్నారు. వీళ్ళను నాశనం చేసి నీ నుంచే గొప్ప జనాన్ని పుట్టిస్తానని దేవుడు మోషేతో అంటాడు. ఆశ పుట్టించే మాటే. మోషే ఒప్పుకోడు. ఐగుప్తీయులు ఏమనుకుంటారో చూడమంటాడు, అబ్రాహాము ఇస్సాకులకు ఇచ్చిన మాట గుర్తుచేస్తాడు. ఆ తర్వాత కొండ దిగి కళ్ళారా చూసేసరికి అదే మోషే కోపంతో రాతి పలకలు పగలగొడతాడు, దూడను పొడి చేసి నీళ్ళలో కలిపి వాళ్ళచేత తాగిస్తాడు. ఆ రోజు శిబిరంలో కత్తులు కూడా లేచాయి. మర్నాడు మళ్ళీ కొండెక్కి, వీళ్ళ పాపం క్షమిస్తే సరే, లేదంటే నీ గ్రంథంలోంచి నా పేరు కూడా తుడిచెయ్యమంటాడు.

వాళ్ళు చేసింది తప్పు కాదని అతను అనలేదు. తప్పు ఎంత పెద్దదో అతనికే బాగా తెలుసు. కానీ వాళ్ళ లెక్కలో తన పేరు కూడా రాయించుకున్నాడు. రోమా పత్రిక 9వ అధ్యాయంలో పౌలు తన స్వజనం గురించి ఇంచుమించు ఇదే అంటాడు, వాళ్ళ కోసం తాను క్రీస్తు నుంచి వేరైపోయినా సరేనని. దీనికి పూర్తిగా ఎదురు యోనా. నీనెవె పట్టణం బతికి బయటపడిందని అలిగి ఎండలో కూర్చున్న ప్రవక్త. ప్రార్థన మనకు రాదని మనం అనుకోం గానీ, ఫలానావాళ్ళ కోసం ప్రార్థించమంటే మనలో చాలామందికి యోనా పూనుతాడు.

అందుకే విజ్ఞాపన గురించి అందరూ అడిగే "పనిచేస్తుందా?" అన్న ప్రశ్న కన్నా ముందు అడగాల్సింది ఇంకోటి ఉందంటాను. ప్రార్థించేవాడు ఎక్కడ నిలబడి ప్రార్థిస్తున్నాడు?

అలాగని మొదటి ప్రశ్న నుంచి తప్పించుకోవడం మర్యాద కాదు. దాన్ని లెక్కగట్టి చూసినవాళ్ళు ఉన్నారు. 1872లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఒక చమత్కారమైన లెక్క వేశాడు. రాజు దీర్ఘాయుష్షు కోసం ప్రతి చర్చిలో ప్రార్థిస్తారు కదా, మరి రాజవంశీకులు మిగతా సంపన్నుల కన్నా ఎక్కువ కాలం బతకాలి. చూస్తే తక్కువే బతికారు. శాన్‌ఫ్రాన్సిస్కో ఆసుపత్రిలో 393 మంది గుండె రోగుల మీద రాండాల్ఫ్ బర్డ్ చేసి 1988లో ప్రచురించిన అధ్యయనంలో ప్రార్థన అందిన గుంపు కొంచెం మెరుగ్గా ఉన్నట్టు తేలింది. ఆ కాగితాన్ని ప్రసంగ వేదికల మీద ఎంత ఊపారో! అధ్యయన పద్ధతిలో లోపాలున్నాయని ఇతర పరిశోధకులు చెప్పింది మాత్రం ఆ వేదికలు ఎక్కలేదు.

2006లో హెర్బర్ట్ బెన్సన్ బృందం ఫలితాలు వచ్చాయి. 6 అమెరికా ఆసుపత్రులు, బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1,802 మంది రోగులు. ప్రార్థన జరుగుతుందో లేదో తెలియనివాళ్ళను రెండు గుంపులు చేశారు. ప్రార్థన జరిగిన గుంపులో 52 శాతం మందికి, జరగని గుంపులో 51 శాతం మందికి ఆపరేషన్ తర్వాత ఇబ్బందులు వచ్చాయి. అంటే తేడా లేదు. తమ కోసం ప్రార్థన జరుగుతోందని ఖాయంగా తెలిసిన మూడో గుంపులో 59 శాతం. ఇంతమంది ప్రార్థిస్తున్నారంటే మన పరిస్థితి అంత విషమించిందా అన్న కంగారు కావచ్చు, కేవలం యాదృచ్ఛికం కావచ్చు.

దీనికి విశ్వాసులు చెప్పే జవాబు ప్రభువును శోధించకూడదని. నిజమే, కానీ బర్డ్ కాగితం ఊపినప్పుడు ఈ వచనం గుర్తురాలేదేం? గెలిస్తే సాక్ష్యం, ఓడితే శోధన అంటే కుదరదు. ఫలితాన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకోవడమే నిజాయితీ. అయితే ఆ ప్రయోగంలో ప్రార్థించినవాళ్ళకు ఇచ్చిందేమిటో చూడండి. రోగి పేరు, ఇంటిపేరులో మొదటి అక్షరం, ప్రార్థనలో తప్పక పలకాల్సిన ఒక వాక్యం, 14 రోజుల గడువు. రోగి ముఖం తెలియదు, అతని భార్య ఏ భయంతో ఆసుపత్రి వరండాలో కూర్చుందో తెలియదు. ప్రయోగానికి అలాగే ఉండాలి, వాళ్ళను తప్పుపట్టడానికి లేదు. తాము కొలవదలచుకున్నదాన్ని బాగానే కొలిచారు. మోషే చేసింది మాత్రం ఆ కొలతకు అందేది కాదు.

కష్టంలో ఉన్నది మన మనిషే అయినప్పుడు ఇది ఇంకా చిక్కు. మోనికా కథ తెలియని విశ్వాసి ఉండడు. తర్వాత గొప్ప క్రైస్తవ గురువైన ఆమె కొడుకు అగస్టీను, వయసులో ఉండగా మానీ మతం అనే వేరే మతంలో చేరితే ఏళ్ళ తరబడి ఏడ్చింది. ఒక బిషప్పును బతిమాలితే, ఇప్పుడు చెప్పినా వినడు, కొన్నాళ్ళు వదిలెయ్, ప్రార్థన మాత్రం చెయ్యి అన్నాడు. ఆమె వదలకపోయేసరికి విసుగ్గానే అన్నాడు, ఇన్ని కన్నీళ్ళకు పుట్టిన కొడుకు నశించడం జరగదని. తర్వాతి సంగతి మరీ గుచ్చుతుంది. అగస్టీను రోముకు ఓడెక్కబోతున్నాడని తెలిసి, వెళ్ళనివ్వొద్దని ఆమె రాత్రంతా ఒక ప్రార్థనాలయంలో మొరపెట్టుకుంది. కొడుకు అబద్ధమాడి ఆ రాత్రే ఓడెక్కేశాడు. ఆ ప్రార్థన వినబడలేదనే అనుకోవాలి. కానీ రోము నుంచి మిలాను, అక్కడి బిషప్పు అంబ్రోసు ప్రసంగాలు, 387లో ఈస్టరునాడు బాప్తిస్మం. తల్లి ఆ రాత్రి అడిగింది ఇవ్వకుండా, ఎప్పటి నుంచో అడుగుతున్నది ఇచ్చాడని అగస్టీను తన ఆత్మకథ కన్ఫెషన్స్‌లో రాసుకున్నాడు.

అందమైన కథే. కానీ ఇది మనదాకా వచ్చింది కొడుకు తిరిగొచ్చి పుస్తకం రాశాడు కాబట్టి. తిరిగిరాని కొడుకుల తల్లులు మోనికా కన్నా తక్కువ ఏడ్చారా? వాళ్ళ ముందు ఈ కథ చెప్పేటప్పుడు గొంతు కాస్త తగ్గించుకోవాలి. "ఇంకా విశ్వాసంతో ప్రార్థించి ఉంటే" అన్న మాట ఎవరి నోట విన్నా నాకు ఒళ్ళు మండుతుంది. మార్కు సువార్త 2వ అధ్యాయంలో పక్షవాత రోగిని నలుగురు మోసుకొచ్చి, జనంలో దారి దొరక్క ఇంటికప్పు విప్పి దింపుతారు. యేసు "వారి విశ్వాసము చూచి" అని ఉంది అక్కడ. మంచం మీది మనిషి ఒక్క మాట కూడా మాట్లాడడు. నమ్మే ఓపిక లేనివాడి వంతు మిగతావాళ్ళు మొయ్యడమే విజ్ఞాపన అయినప్పుడు, నీకే విశ్వాసం చాల్లేదని రోగి నెత్తిన రుద్దితే ఇక మోసుకొచ్చింది ఏముంది? కుంగుబాటులో ఉన్న పిల్లను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళకుండా ప్రార్థనే చాలనడం కూడా ఈ కోవలోదే. ఆ నలుగురు ఇంట్లో కూర్చుని ప్రార్థించలేదు, మంచం ఎత్తారు.

ఇంకో జబ్బు ఉంది, దాని గురించి సంఘాల్లో ఎవరూ పెద్దగా మాట్లాడరు. ప్రార్థన అంశం పేరుతో ఒక ఇంటి గుట్టు ఊరంతా తిరుగుతుంది. "ఆ అమ్మాయి కాపురం గురించి ప్రార్థించండి, ఎవరితోనూ అనకండి" అని పదిమంది చెవుల్లో వేసేవాళ్ళు ఉన్నారు. అడ్డు నిలవాల్సినవాడు తలుపు తీసి జనాన్ని లోపలికి పంపడం ఇది. ఎవరి కోసం ప్రార్థిస్తున్నామో వాళ్ళను ముందు అడగాలి, ఇది చెప్పవచ్చా అని.

లోకం కోసం చేసే ప్రార్థనకు సమస్య ఇంకో వైపు నుంచి వస్తుంది. అక్కడ గుట్టు లేదు, ముఖమే లేదు. "సర్వలోక శాంతి కోసం" అనేస్తే ఎవరికీ ఏ బాధ్యతా మిగలదు. అమెరికాలో తుపాకీ కాల్పులు జరిగిన ప్రతిసారీ నాయకులు మృతుల కుటుంబాల కోసం ప్రార్థిస్తున్నామని ప్రకటన ఇస్తారు. చట్టం చేసే అధికారం తమ చేతిలోనే ఉన్నవాళ్ళు! జనానికి ఆ మాటంటేనే వెగటు పుట్టిందంటే తప్పు జనానిది కాదు. బట్ట లేనివాడితో, తిండి లేనివాడితో "సమాధానంగా వెళ్ళు, చలి కాచుకో, తృప్తిగా ఉండు" అని పంపేస్తే ఏం ప్రయోజనమని యాకోబు తన పత్రికలో ఎప్పుడో అడిగాడు. ఎర్ర సముద్రం ఒడ్డున దేవుడు మోషేతో అన్నదీ అదే, నాకెందుకు మొరపెడుతున్నావు, సాగిపొమ్మని జనానికి చెప్పు.

ముఖం లేని లోకానికి ముఖం ఇచ్చే ప్రయత్నాలూ ఉన్నాయి. మార్చి మొదటి శుక్రవారం స్త్రీలు నడిపే ప్రపంచ ప్రార్థనా దినంలో ఏటా ఒక దేశపు స్త్రీలు ఆరాధన క్రమాన్ని రాస్తారు, మిగతా దేశాలవాళ్ళు ఆ మాటలతోనే ప్రార్థిస్తారు. ఆ దేశంలో ఏం జరుగుతోందో ముందు తెలుసుకుని మరీ. పేరు తెలిశాక "లోకం" అన్నంత సులువుగా నోరు తిరగదు.

తూర్పు జర్మనీలోని లైప్‌జిగ్‌లో సెయింట్ నికొలస్ చర్చి సంగతీ ఇలాంటిదే. 1982 నుంచి అక్కడ సోమవారం సాయంత్రాల్లో శాంతి ప్రార్థనలు జరిగేవి. 1989 అక్టోబరు 9న ప్రార్థన ముగించుకుని బయటికొచ్చినవాళ్ళు ప్రభుత్వానికి వ్యతిరేకంగా వీధిలో ఉన్న జనంతో కలిశారు. సుమారు 70,000 మంది. సాయుధ బలగాలు సిద్ధంగా ఉన్నాయి. తూటా పేలలేదు. సరిగ్గా నెలకు, నవంబరు 9న బెర్లిన్ గోడ తెరుచుకుంది. ప్రార్థనే గోడను కూల్చిందని నేను రాయను. సోవియట్ నాయకుడు గోర్బచేవ్ విధానాలు, దివాలా తీసిన ఆర్థిక వ్యవస్థ, హంగరీ మీదుగా వెళ్ళిపోతున్న జనం, కారణాలు చాలా ఉన్నాయి. కానీ అక్టోబరు 9 రాత్రి కొవ్వొత్తులు పట్టుకున్న చేతులు రాళ్ళు పట్టుకోకపోవడానికి ఏడేళ్ళ సోమవారాల అలవాటుకు సంబంధం లేదంటే మాత్రం ఒప్పుకోను. మొదట్లో కొన్ని వారాలు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగేంత మందే వచ్చేవారట.

వేళ్ళ మీద లెక్క అంటే దేవుడు నాశనం చెయ్యబోయిన ఊరు సొదొమ గుర్తొస్తుంది. ఆదికాండం 18వ అధ్యాయంలో అబ్రాహాము బేరం అందరికీ తెలిసిందే. 50 మంది నీతిమంతులు ఉంటే ఊరిని వదులుతావా అని మొదలెట్టి 45, 40, 30, 20, చివరికి 10 దగ్గర ఆగుతాడు. మనం గమనించని సంగతి ఒకటుంది. అన్న కొడుకు లోతు ఆ ఊళ్ళోనే కాపురం ఉన్నాడు. అబ్రాహాము గుండెలో ఆ భయమే ఉండాలి. అయినా మొత్తం బేరంలో లోతు పేరు ఒక్కసారీ ఎత్తడు. అడిగిందంతా ఊరి కోసం. మన మనిషి, పరాయి లోకం అన్న విభజన అక్కడ చెరిగిపోయింది.

ఆ 10 మంది దొరకలేదు. తెల్లవారి పొద్దున్నే అబ్రాహాము లేచి, అంతకుముందు దేవుని ముందు ఏ చోట నిలబడ్డాడో సరిగ్గా అదే చోటికి వెళ్ళాడని 19వ అధ్యాయం చెబుతుంది. అక్కడి నుంచి చూస్తే ఆవం పొగలా పొగ లేస్తోంది. దేవుడు అబ్రాహామును జ్ఞాపకం చేసుకుని లోతును తప్పించాడని తర్వాతి వచనంలో ఉంది. ఆ సంగతి మనకు తెలుసు. పొగవైపు చూస్తూ నిలబడ్డ ఆ ముసలాయనకు ఎవరైనా చెప్పారో లేదో, ఆ అధ్యాయంలో ఎక్కడా రాసిలేదు.