గడ్డి కట్టడం తేలికైంది, దాచడమే బరువైంది

జనవరి రెండో వారంలో తెనాలి నుంచి కొల్లిపర వైపు వెళ్తుంటే, రోడ్డుకు ఒక పక్క పొలంలో గడ్డిని కట్టలు కట్టే బేలర్ మిషన్ తిరుగుతోంది. రెండో పక్క పొలంలో గడ్డి తగలబడుతోంది. రెండూ సార్వా (ఖరీఫ్) వరి కోసిన మాగాణులే. నిప్పు పెట్టిన రైతు దగ్గర ఆగి అడిగాను. ‘‘కట్టల మిషన్ కోసం నాలుగు రోజులు చూశానండీ. మొక్కజొన్న గింజ పెట్టాలి, అదును దాటిపోతే ఎవరిస్తారు?’’ అన్నాడు. ఆయన మాటలో నాకు తప్పు కనబడలేదు.

అదే గడ్డి కోసం ఏప్రిల్‌లో పల్నాడులో పడే పాట్లు చూసినవాళ్లకు ఆ పొగ చూస్తే కడుపు తరుక్కుపోతుంది. సాగర్ కుడి కాలువకు నీళ్లు సరిగా రాని ఏడాది వినుకొండ చుట్టుపక్కల మెట్ట ఊళ్లలో పచ్చిమేత మాట అటుంచి, ఎండుగడ్డే కరువు. గడ్డి కొనలేక చూడి గేదెను సంతకు తోలేసే ఇళ్లుంటాయి. ఇటు తెనాలికి, అటు వినుకొండకు మధ్య ఉన్నది లారీకి ఒక పూట ప్రయాణం. అయినా జనవరిలో ఇక్కడ మిగిలిన గడ్డి ఏప్రిల్‌కు అక్కడికి చేరదు.

కొరత బేలర్లదే అనుకుంటాం. కోతల పది రోజుల్లో మిషన్లు చాలవన్నది నిజమే. కానీ అసలు చిక్కు గడ్డి కట్టిన తర్వాత మొదలవుతుంది.

వెనకటి పద్ధతిలో కోత కోసి, పనలు ఆరబెట్టి, కుప్ప వేసి, నూర్చాక గడ్డి వాములోకి వెళ్లేది. వాము వేయడం ఒక పనితనం. గడ్డి కొసలు బయటికి, కాస్త కిందికి వాలేలా పేర్చుకుంటూ పోయి, నడినెత్తిన గుమ్మటంలా ముగిస్తారు. ఎంత వాన కురిసినా నీళ్లు పైపైనే జారిపోయేవి. మూడో ఏడు వాము పీకినా లోపల గడ్డి పసుపుపచ్చగా ఉండేది. ఇప్పుడు కోత మిషన్ వెనక పడే గడ్డి నలిగి, తునకలై ఉంటుంది. దాన్ని వాము వేయడం కుదరదు, వేసే చేతులూ తగ్గిపోయాయి. ట్రాక్టర్ వెనక బేలర్ దాన్ని పోగుచేసి, గుండ్రంగా చుట్టి, పురికొస బిగించి వదిలేస్తుంది. కట్ట చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కానీ వాముకున్న వాలు దానికి లేదు. పడ్డ నీళ్లు పడ్డట్టే లోపలికి దిగుతాయి.

తేమ సంగతి మరీ ముఖ్యం. నూటికి 15 పాళ్లకు మించి తేమ లేకుండా చూసుకుంటే మంచిది, 20 దాటితే బూజు ఖాయం. మన చలికాలపు మంచుకు పొద్దున తొమ్మిదింటికి కూడా గడ్డి మెత్తగానే ఉంటుంది. అనుభవమున్న డ్రైవర్ ఒక పరక తీసి మెలిపెడతాడు. టక్కున విరిగితేనే మిషన్ తిప్పుతాడు. తొందరపడి కట్టిన కట్టలోకి రెండు రోజులాగి చెయ్యి పెడితే, లోపల వెచ్చగా తగులుతుంది. వారంలో ముక్కిన వాసన, నెలలో తెల్లటి బూజు. ఆ గడ్డిని గేదె మూతితో పక్కకు నెట్టేస్తుంది. జనుము, పిల్లిపెసర ఎండు మేతకు లెక్క వేరు. బాగా ఎండాక మధ్యాహ్నం కదిలిస్తే ఆకంతా రాలి పుల్లలే మిగులుతాయి. వాటిని కొద్దిగా మంచు ఉన్నప్పుడు, పొద్దున్నే కట్టుకోవాలి.

పాడి గేదెకు రోజుకు 6, 7 కిలోల ఎండుగడ్డి కావాలి. కట్ట 15 కిలోలనుకుంటే రెండు రోజులు వస్తుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఒక్క గేదెకు 45 కట్టలు. నాలుగు గేదెలుంటే 180. ఇన్ని కట్టలు ఎక్కడ పెట్టాలి? సొంత దొడ్డి, రేకుల షెడ్డు ఉన్నవాళ్లకు ఇబ్బంది లేదు. కౌలు రైతుకు ఆ చోటే లేదు. అందుకే ‘‘గడ్డి మీరే తీసుకుపోండి, పొలం ఖాళీ చేస్తే చాలు’’ అంటున్నాడు. గడ్డికి వచ్చే డబ్బు దాచుకోగలిగినవాడిదే అవుతోంది.

2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు అందరం ధాన్యం గురించే మాట్లాడుకున్నాం. నీళ్లలో నాని నల్లబడిన గడ్డి కూడా పశువుల నోటి దగ్గర కూడే కదా!

బేలర్ కొనడానికి సబ్సిడీ ఇస్తున్నారు, ఇవ్వాల్సిందే. ఉపాధి హామీ నిధులతో ‘గోకులం’ పశువుల షెడ్లు కడుతున్నారు, సంతోషం. అదే నిధులతో ఊరికో గడ్డి షెడ్డు కూడా కట్టవచ్చు. నేల నుంచి అడుగు ఎత్తున దిమ్మె, పైన రేకు, గాలి ఆడేలా పక్కలు తెరిచి ఉంటే చాలు. నిప్పు భయం ఉంటుంది కాబట్టి ఇళ్లకు దూరంగా కట్టాలి. తెనాలి వైపు డెల్టాలో జనవరిలో కొన్న కట్టలను పల్నాడు ఊళ్లలో అలా నిలవ పెడితే, ఏప్రిల్‌లో రైతుకు బేరమాడే శక్తి ఉంటుంది. కరువు మండలాల జాబితా వచ్చాక లారీలు వెతికితే అప్పటికే ధర చేతికందదు.

వరిగడ్డి గొప్ప మేత కాదన్నదీ నిజమే. మాంసకృత్తులు నూటికి 3, 4 పాళ్లే. వంద కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీళ్లలో కరిగించి చల్లి, గాలి చొరకుండా పట్టా కప్పి మూడు వారాలు మాగబెడితే పోషకం పెరుగుతుంది. పెట్టే ముందు ఘాటు పోయేదాకా ఆరబెట్టాలి, ఆర్నెల్లలోపు దూడలకు పెట్టకూడదు. ఇది ఏళ్లుగా తెలిసిన సంగతే. పట్టా కప్పడానికీ, మూడు వారాలు ఉంచడానికీ చోటు కావాలి. ఆ చోటు ఊళ్లో ఉంటే కొల్లిపర రోడ్డు మీద నాకు కనబడిన ఆ రైతు మిషన్ కోసం నాలుగు రోజులు చూసేవాడు కాదు. నలుగురు కూలీలతో గడ్డి పోగుచేయించి, మోపులు కట్టించి షెడ్డుకు తోలించేవాడు. అగ్గిపెట్టె తీసేవాడు కాదు.