కుండపోత వానకు ఏ మాపకాన్ని నమ్మాలి?

డాబా మీద సొంత వాతావరణ కేంద్రం పెట్టుకునేవాళ్లు ఈమధ్య పెరిగారు. వాన వెలిసీ వెలియకముందే యాప్‌లోని అంకెను స్క్రీన్‌షాట్ తీసి, పక్క కాలనీ అంకెతో పోల్చి వాదించుకోవడమూ పెరిగింది. ఆ అంకె ఏ పరికరం ఇచ్చిందో మాత్రం ఎవరూ అడగరు.

మనలో ఎక్కువమంది దగ్గరున్నది టిప్పింగ్ బకెట్ రకం. గరాటులోంచి దిగిన నీరు, ఉయ్యాల బల్లలా కదిలే రెండు చిన్న దొప్పల్లో ఒకదాన్ని నింపుతుంది. అది నిండగానే వంగి నీటిని ఒలకబోస్తుంది, రెండోది గరాటు కిందికి వస్తుంది, అలా వంగిన ప్రతిసారీ లెక్కలో 0.2 మిల్లీమీటర్లో, కొన్నింటిలో 0.254 మిల్లీమీటర్లో చేరుతుంది. మామూలు వానకు ఇది చక్కగా పనిచేస్తుంది. కుండపోతలో మాత్రం దొప్ప వంగుతున్న ఆ క్షణంలోనూ ధార ఆగదు కాబట్టి, అప్పుడు పడిన నీరు నిండిన దొప్పలోకే పోయి లెక్కకు రాదు. అంటే అంకె అత్యంత అవసరమైన రోజునే ఇది తక్కువ చూపిస్తుంది.

చినుకు తాకిడిని పసిగట్టే పీజో రకానికి ఆకులు అడ్డుపడే బాధ లేదు. అయితే సన్నని తుంపర దానికి అందదు; గాలికి స్తంభం అదిరితే లేని వానను చూపించగలదు. వాన మొదలైందని చెప్పడానికి సరే, కొలతకు నేను దాన్ని లెక్కలోకి తీసుకోను.

నా ఓటు గీతలున్న సాదా గొట్టానికే. పైమూతి వైశాల్యం లోపలి గొట్టానికి పది రెట్లు ఉంటే, 1 మిల్లీమీటరు వాన అందులో 10 మిల్లీమీటర్ల ఎత్తుకు లేస్తుంది కనుక కంటితోనే కచ్చితంగా చదవవచ్చు. వాన ఎప్పుడు పడిందో అది చెప్పదు. ఆ పనికి టిప్పింగ్ బకెట్ ఉండనివ్వండి, మొత్తానికి మాత్రం వాతావరణ శాఖ లాగే ఉదయం 8.30కు గొట్టంలో చూసిన అంకెనే ప్రమాణంగా తీసుకోండి. 64.5 మిల్లీమీటర్లు దాటితేనే ఆ శాఖ భారీ వర్షం అంటుంది. ఆ గీత దగ్గర పదో వంతు తేడా చూపే పరికరంతో వాదన దండగ.

పిట్టగోడకూ నీళ్ల ట్యాంకుకూ ఆనించి పెడితే ఏ రకమైనా ఒక్కటే, అంకె తప్పే. టిప్పింగ్ బకెట్‌ను పరీక్షించాలంటే, మూతి వైశాల్యం 200 చదరపు సెంటీమీటర్లయితే అర లీటరు నీటిని గంటసేపు బొట్టుబొట్టుగా వదలండి. 25 మిల్లీమీటర్లు చూపించాలి. తేడా వస్తే చాలా వాతావరణ కేంద్రాల్లో సవరణ గుణకం (చూపే అంకెను సరిచేసేందుకు హెచ్చవేసే సంఖ్య) మార్చుకునే వీలుంది; తొందరపడి ఒక్కసారిగా గుమ్మరిస్తే మాత్రం పరీక్షే చెడుతుంది.