తేటగా ఉన్నంత మాత్రాన మంచినీళ్లేనా?

చెరువు నీళ్లు తెచ్చిన రోజు మా అమ్మమ్మ చిల్లగింజను కుండ లోపలి గోడకు అరగదీసి, ఆ గంధం మీదే నీళ్లు పోసేది. తెల్లారేసరికి మట్టి అడుగున పేరుకుని పైన నీళ్లు తేటపడేవి. నీటిశుద్ధి కేంద్రాల్లో వాడే పాలీడాడ్‌మాక్ లాంటి సేంద్రియ పాలిమర్ల (పొడవాటి గొలుసుల్లాంటి అణువులున్న రసాయనాల) పనీ ఇదే. మట్టి రేణువులకు రుణావేశం ఉండటంతో ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతుంటాయి. ధనావేశమున్న పాలిమర్ గొలుసులు వాటిని గుత్తులుగా కట్టి కిందికి దించుతాయి.

పటికతో పోలిస్తే డోసు చాలా తక్కువ, మిగిలే బురదా తక్కువే. పటిక నీటి క్షారతను, అంటే ఆమ్లాన్ని తట్టుకునే గుణాన్ని, తినేస్తుంది కాబట్టి ఒక్కోసారి సున్నం కలపాలి. పాలిమర్‌తో ఆ బాధ లేదు. వానాకాలంలో కృష్ణా నీళ్లు ఎర్రగా వచ్చినప్పుడు పటికకు తోడుగా దీన్ని వాడటం నా దృష్టిలో తెలివైన పనే.

కానీ మనది నల్లగొండ. ఇక్కడ తరాల తరబడి ఎముకలు వంచింది బురద కాదు, అద్దంలా మెరిసే బోరు నీళ్లలోని ఫ్లోరైడ్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని మన ప్రమాణం. నీళ్లలో కరిగిపోయిన ఫ్లోరైడ్‌ను ఈ పాలిమర్ పట్టుకోలేదు. మన జిల్లా పేరుతోనే ప్రపంచానికి తెలిసిన నల్లగొండ పద్ధతి పటిక, సున్నం మీద నడిచింది. పటిక నుంచి పుట్టే అల్యూమినియం తెట్టెకే ఫ్లోరైడ్ అంటుకుంటుంది. మట్టిని దించడానికి వేసేదానికంటే ఎన్నో రెట్లు పటిక కావాలి, బురదా అంతే. అందుకే ఫ్లోరైడ్ ఊళ్లకు దూరం నుంచైనా కృష్ణా నీళ్లు తేవడమే సరైన దారని నమ్ముతాను. బోరు నీళ్లను పాలిమర్‌తో శుద్ధి చేస్తామని ఎవరైనా వస్తే, ముందు ఫ్లోరైడ్ రిపోర్టు చూపించమనాలి.

కృష్ణా నీళ్లకైనా డోసు కంటి అంచనాతో వేసేది కాదు. ఎక్కువైతే రేణువులు ధనావేశం పుంజుకుని మళ్లీ విడిపోతాయి, నీళ్లు తిరిగి మసకబారతాయి. పాలీఅక్రిలమైడ్ అనే మరో రకం పాలిమర్లలో తయారీ నుంచి మిగిలిపోయే అక్రిలమైడ్ విషపదార్థం. పాలీడాడ్‌మాక్ మిగిలిపోయిన నీళ్లలో క్రిములను చంపడానికి వాడే క్లోరమిన్ కలిస్తే ఎన్‌డీఎంఏ అనే హానికరమైన రసాయనం పుట్టొచ్చు. జార్ టెస్టులో వరుసగా పెట్టిన గాజు బీకర్లలో ఏ డోసుకు గుత్తులు పెసర గింజంత కట్టి చకచకా దిగాయో చూసి, ఆ డోసే ట్యాంకులో వేయాలి. వరద రోజుల్లో పొద్దున చేసిన టెస్టు సాయంత్రానికి పనికిరాకపోవచ్చు. ఆపరేటర్‌కు పాలిమర్ డబ్బా ఇచ్చి జార్ టెస్టు సామాను ఇవ్వకపోతే, ఆ డబ్బా కొనకపోవడమే నయం.